ఉపసంహరణ కాగితం

మేడ్చల్‌లోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో నేను రాజనీతిశాస్త్రం చెబుతాను. ఇల్లు దూలపల్లిలో. ఏటా కాలేజీ తెరవగానే పద్దెనిమిది నిండిన పిల్లలచేత ఓటరు నమోదు ఫారాలు నింపించే పని నాకే పడుతుంది. మగపిల్లలు అక్కడికక్కడే నింపేస్తారు. ఆడపిల్లలు మాత్రం పెళ్లయ్యాక అత్తగారి ఊళ్లో ఓటు తీసుకుంటామంటారు. ఎక్కడికి పోతారో తెలియని వాళ్లకు ఏ చిరునామా రాయాలో తోచదు. ఇప్పుడున్న ఊరే రాయండి అని బతిమాలేదాన్ని. అంతటితో ఆగక, ఇరవై ఒకటి నిండితే పోటీ కూడా చేయండి అని చెప్పేదాన్ని. ఎవరూ చేయలేదు కాబట్టి ఆ మాట ఎంత దూరం పోతుందో నాకూ తెలియలేదు.

ఒక అమ్మాయి నిజంగానే చేసింది.

వాళ్లది శామీర్‌పేట వైపు ఒక ఊరు. తండ్రి ఊరి చెరువులో చేపలు పడతాడు. తల్లి వాటిని గంపలో పెట్టుకుని రోడ్డు పక్కన అమ్ముతుంది. క్లాసులో ఆ అమ్మాయి పెద్దగా మాట్లాడేది కాదు. కానీ తన ఓటు నమోదయ్యాక, వాళ్ల గల్లీలో తన ఈడు ఆడపిల్లల ఇళ్లన్నీ తిరిగి వాళ్ల ఫారాలు కూడా నింపించి తెచ్చింది. డిగ్రీ అయ్యాక దుండిగల్‌లో ఒక కాలేజీ ఆఫీసులో చేరింది. పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయన్నప్పుడు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ల వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయిందట.

"నేను నిలబడ్త మేడమ్. మా గల్లీల నల్లా నీళ్లు సక్కగ వస్తలేవు. గ్రామసభల అడిగితె, ఆడిపిల్లవు నీకెందుకన్నరు. మెంబరయితె గా మాట అనరు కదా."

నాకు పట్టరానంత సంతోషం కలిగింది. కుల ధ్రువపత్రం, ఇంటి పన్ను రశీదు, ప్రతిపాదించడానికి అదే వార్డు ఓటరు ఒకరు కావాలని అన్నీ విడమరిచి చెప్పాను. తండ్రి ఏమన్నాడని అడిగితే, నీ ఇష్టం బిడ్డా అన్నాడని చెప్పింది. అది చాలనుకున్నాను. ఆ వార్డు మీద ఇంకెవరు కన్నేశారో అడగాలని నాకు తట్టలేదు.

తర్వాత నాకు ఎన్నికల డ్యూటీ పడింది. మూడు నాలుగు ఊళ్లకు కలిపి ఒకే చోట నామినేషన్లు తీసుకునే కేంద్రం అది. రిటర్నింగ్ అధికారికి సహాయకురాలిగా వేశారు. వెళ్లి చూస్తే ఆ ఊళ్లలో వాళ్ల ఊరూ ఉంది. ఆ టేబుల్ దగ్గర కూర్చున్నాక ఎవరి వైపూ మాట్లాడకూడదు. కాబట్టి ఆమె నామినేషన్ వేసిన రోజు కాగితాలు సరిచూసి, అందరికీ ఇచ్చినట్టే రశీదు ఇచ్చాను. కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆమె వెంట గల్లీ ఆడపిల్లలు వచ్చి గేటు బయట నిలబడ్డారు. పరిశీలనలో కూడా ఆమె పత్రాలు నిలిచాయి. ఆ వార్డుకు ఇద్దరే మిగిలారు. రెండో ఆమె ఊరి పెద్దమనిషి ఒకాయన కోడలు.

ఉపసంహరణకు చివరి రోజు మూడు గంటల వరకే సమయం. రెండు దాటాక ఆ అమ్మాయి వచ్చింది. పక్కన తండ్రి, వెనక ఆ పెద్దమనిషి, ఇంకో ఇద్దరు. ఉపసంహరణ కాగితం అప్పటికే నింపి ఉంది. అక్షరాలు ఆమెవి కావు. సంతకం ఒక్కటే చేయాలి.

ఎవరి బలవంతమూ లేదు కదా అని అధికారి అడిగారు. లేదంది. ఆ పెద్దమనిషి నవ్వుతూ, ఊరంతా కూర్చుని ఏకగ్రీవం చేసుకున్నాం సార్, గొడవలెందుకని, అన్నాడు. ఆమెతో రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడతానని అధికారిని అడిగాను. ఆయన గడియారం చూసి సరేనన్నారు. వరండా చివరకు తీసుకెళ్లి, నీకు ఇష్టం లేకపోతే సంతకం పెట్టకు, నిన్నెవరూ ఏమీ చేయలేరు, అన్నాను.

"నన్నేం జేయరు మేడమ్," అంది. "బాపును చెరువుల దిగనియ్యమన్నరు. నిన్నటి సంది వల ఒడ్డు మీదనే ఉన్నది. బాపు నన్ను ఒక్క మాటనలే. బువ్వ తింటలేడు, గంతే."

ఫిర్యాదు రాసివ్వు, పోలీసులు వస్తారు అన్నాను.

"వస్తరు. ఎలక్షన్ అయినంక పోతరు. జల్దీ పోదాం మేడమ్, టైమైతాంది."

సమయం దాటిపోతుందని కంగారు పడుతున్నది ఆమే. లోపలికి వెళ్లాం. ఆమె సంతకం చేసింది. దాన్ని నామినేషన్ మీది సంతకంతో పోల్చి చూడడం నా పని. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. వచ్చిన సమయం వేసి, కాగితం అధికారి ముందు పెట్టాను. సంతకం సరిపోయిందని తల ఊపాను. విన్నదంతా తర్వాత అధికారికి చెప్పాను. రాతపూర్వకంగా ఏదీ లేనప్పుడు మనమేం చేస్తాం మేడమ్ అన్నారాయన. చెడ్డ మనిషేం కాదు. నిజంగానే అడిగారు, ఏం చేస్తామని.

పోలింగ్ రోజు నాకు వేరే ఊళ్లో డ్యూటీ. ఆ సాయంత్రం వాళ్ల గల్లీ అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. ఆమెకు అదే మొదటి ఓటు. సర్పంచుకు గులాబీ రంగు కాగితం ఒక్కటే ఇచ్చారట, వార్డుకు తెల్ల కాగితం ఇవ్వలేదట. తన పేరు ఎక్కడైనా తప్పిపోయిందా అని అడిగింది. పేరు సరిగానే ఉంది, ఏకగ్రీవమైన చోట ఓటు ఉండదు అని చెప్పాను. "మరి మమ్ములనెవ్వరు అడగలే కదా మేడమ్," అంది. చట్టం ప్రకారం అంతేనని ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను.

కొన్నాళ్లు ఆగి వాళ్లింటికి వెళ్లాను. అమ్మాయి ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. తండ్రి మంచం మీద తువ్వాలు పరిచి కూర్చోమన్నాడు, చాయ్ పెట్టించాడు. ఇప్పుడు చెరువులో దిగనిస్తున్నారా అని అడిగితే దిగనిస్తున్నారన్నాడు. నావల్లే ఇదంతా జరిగిందని క్షమించమని అడగబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు మంచిగనే చెప్పిండ్రు మేడమ్, తప్పేం లేదు. కని మీరు చెప్పి మేడ్చల్ పోతరు. మేం గీ చెరువు కాడ్నే ఉండాలె కదా."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. చాయ్ తాగి లేచాను.

ఆ తర్వాత ఆ ఊరిని మున్సిపాలిటీలో కలిపారు. పంచాయతీయే లేకుండా పోయింది. వార్డులు కొత్తగా గీశారు, వాళ్ల గల్లీ ఇప్పుడు ఓ పెద్ద వార్డులో ఒక మూల. ఈ మధ్య దుండిగల్ వైపు వెళ్లే షేర్ ఆటోలో ఆ అమ్మాయి కనిపించింది. బాగున్నారా మేడమ్ అని పక్కకు జరిగి చోటిచ్చింది. ఉద్యోగం గురించి, తమ్ముడి చదువు గురించి మాట్లాడింది. ఎన్నికల ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దిగేముందు మాత్రం మున్సిపాలిటీకి తన ఓటు ఏ పోలింగ్ బూత్‌లో పడుతుందో చూసి చెప్పమంది. ఆ రాత్రే చూసి పంపాను. నేను చేయగలిగింది అంతే.

ఈ ఏడూ ఫారాలు నింపించాను. ఇప్పుడున్న ఊరే రాయండి అని ఎప్పటిలాగే గట్టిగా చెప్పాను. పోటీ చేయండి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. చెప్పడం తప్పు కాదని నాకు తెలుసు. చెప్పకపోతే ఇంకా తప్పు. అయినా చెబుతున్నంతసేపూ వెనక బెంచీల్లో కూర్చున్న అమ్మాయిల్లో ఎవరైనా ఆ మాట నమ్ముతున్నారేమోనని భయంగా చూస్తూ ఉన్నాను.