బీరువాలో ఒక్కదానికే చోటు

ఒక మహాయుద్ధం గురించి చెప్పబోతున్నాను. ఒకవైపు వ్యాకరణం, మరోవైపు వ్యవసాయం, నడుమ నేను. నిజానికి అంత లేదు. బీరువాలో చోటు చాలక ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం, అంతే.

నంద్యాల జిల్లా అయిన ఏడాది ఎండాకాలంలో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు ఒక శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. ఉద్యోగంలో నా చివరి మజిలీ అదే. శాఖలో గ్రంథపాలకుడంటే అధికారీ అతడే, తలుపు తీసేదీ అతడే. పైకప్పు కారుతున్నందున చిన్న గదికి మారమన్నారు. అంటే పుస్తకాలు తగ్గించాలి. ఆ పనిని మేం రద్దు అంటాం. ముద్ర కొట్టి, అట్ట చించి, తూకానికి వేస్తాం. అట్ట చించకపోతే అదే పుస్తకాన్ని ఎవరో ఒకరు మళ్లీ విరాళంగా తెచ్చిస్తారు.

ఒక్కో రచయితది ఒక్కో పుస్తకమే ఉంచాలని నియమం పెట్టుకున్నాం. బస్సుల్లో, రైళ్లలో తిరిగి నవ్విస్తూ రాసిన ఒక యాత్రా రచయిత దగ్గర పని ఆగింది. ఆయన పుస్తకాలు మా దగ్గర నాలుగున్నాయి. ఏది ఉంచాలో చెప్పమని రోజూ వచ్చే ఇద్దరు పాఠకులను అడిగాను. రిటైరైన తెలుగు మాస్టారు ఉత్తరాది రైళ్ల పుస్తకమే ఉత్తమమన్నారు. నాదీ అదే మాట. రుద్రవరం రైతు ఓబుల్‌రెడ్డి మాత్రం నాలుగింటిలోనూ నాసిరకమైన దాన్ని పట్టుకుని వదల్లేదు. అందులో భాష అతుకులబొంత అని మాస్టారు చాలాసేపు వివరించారు. ఓబుల్‌రెడ్డి విన్నాడు. పుస్తకం మాత్రం వదల్లేదు.

అందులో ఏముందని అడిగితే ఒక పేజీ తీసి నా ముందు పెట్టాడు. రచయిత ఆళ్లగడ్డ బస్టాండులో ఏ బస్సెక్కాలో తేలక, పక్కన విత్తనాల సంచి మీద కూర్చున్న ఆమెను మూడుసార్లు అడుగుతాడు. ఆమె అంటుంది: "యాడికి పోవల్లో తెలీకుండానే ఇల్లిడిసి వచ్చినావా అప్పా?" తన యాత్రలన్నిటిలో జవాబు దొరకని ప్రశ్న అదొక్కటేనని రాసుకున్నాడు రచయిత.

"మా ఇంటామె," అన్నాడు ఓబుల్‌రెడ్డి. "పోయినేడు సచ్చిపాయ. ఫోటోలుండాయి. మాట ఈడొక్కటే ఉండాది."

రద్దు చేశాక ఆ పుస్తకాన్ని ఆయనకే ఇప్పించమని పైవాళ్లకు రాస్తానన్నాను. ఇంట్లో భద్రంగా ఉంటుందన్నాను.

"వద్దన్నా. ఇంటికాడుంటే నన్నొక్కణ్ణే తిడ్తాంటాది. ఈడుంటే వచ్చినోళ్లందర్నీ తిడ్తాది. బతికున్నప్పుడూ అంతే."

మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ మొత్తం చదివారు. ఈ ఒక్క పేజీ వరకు భాష బాగానే ఉందని తీర్పిచ్చి, పుస్తకాన్ని ఉంచాల్సిన వాటిలో పెట్టారు. రైళ్ల పుస్తకానికి ముద్ర నేనే కొట్టాను. అట్ట కూడా నేనే చించాను.

మంచి పుస్తకాన్ని గుర్తించడానికి మాకు శిక్షణ ఇస్తారు. ఏ పేజీ ఎవరికి కావాలో ఆ శిక్షణలో ఉండదు. రద్దు చేసే ముందు చదివేవాళ్లను అడగాలి. నేను నేర్చుకున్నది అంతే.

పుస్తకం కొత్త గదిలో కిటికీ పక్క బీరువాలో ఉంది. ఆ బీరువా తలుపు కొంచెం పైకెత్తి లాగితే గానీ రాదు.