ఆట మధ్యలో కలిపిన చేతులు

మొన్న ఇక్కడ ఐర్లాండులో, మా నేవన్ ఊళ్లో డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుంటే, గోడమీది టీవీలో ఆడవాళ్ల కర్లింగ్ ఆట వస్తోంది. ఒకమ్మాయి గుండ్రటి బండరాయిని మంచుగడ్డ మీద తోసి వదలగానే, ఇద్దరు దాని ముందు చీపుళ్లలాంటివి పట్టుకుని మంచును రుద్దుకుంటూ పరుగెడుతుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా నా అరచేతులకు చెమట పట్టింది.

ఆ ఆట నాకు తెలిసింది మా పక్కింటి స్వీడన్ ఆవిడ వల్ల. చిన్న వయసులోనే వాళ్ల దేశానికి ప్రపంచ విజేత పతకం తెచ్చి, జట్టు నాయకురాలిగా చాలాకాలం వెలిగి, భర్తకు మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చిందని ఐర్లాండు చేరిన మనిషి. పోటీలప్పుడు మాత్రం విమానమెక్కి వెళ్లి ఆడి వచ్చేది. ఆ ఏడు ఇద్దరం ఒకేసారి కడుపుతో ఉన్నాం. నాకు అంతకుముందు ఒకటి నిలవలేదు. అందుకని నేను సోఫా దిగకుండా, తుమ్ము వచ్చినా హడలిపోతూ, తెలిసినవాళ్లెవరికీ చెప్పకుండా దాక్కుని కూర్చుంటే, ఆవిడ అంత పొట్టతో మంచు మీద జారడానికి పోయేది.

బెజవాడలో మా నాన్నగారిది బట్టల కొట్టు. చెప్పిన ధరకు దేన్నీ కొనని వంశం మాది. దేవుడితో మొక్కుల బేరం కూడా నేను ఒక్క కొబ్బరికాయతోనే మొదలుపెట్టాను. కానీ అవతలివాడు ఔననీ కాదనీ అనకుండా నిలబడేసరికి, జీవితంలో మొదటిసారి నా మీద నేనే వేలంపాట పెంచుకుంటూ, తలనీలాలూ గాజులూ దాటి, కాలినడకన కొండెక్కడం దాకా వచ్చాను. సోఫా దిగనిదాన్ని!

అలాంటి రోజుల్లో మావారు ఆవిడ ఫైనల్ ఆటను కంప్యూటర్‌లో పెట్టారు. ఆవిడ పడకపోతే నా బిడ్డ కూడా నిలుస్తుందని ఎందుకో మనసులో గట్టిగా అనేసుకున్నాను. రాయితోపాటు ఆవిడ వంగి జారినప్పుడల్లా ఆ పొట్ట మంచుకు జానెడు ఎత్తులో వెళ్తుంటే ఊపిరి బిగబట్టేదాన్ని. ఇంకా ఆట మిగిలి ఉండగానే ఆవిడ హఠాత్తుగా చేతితొడుగు తీసి, అవతలి జట్టువాళ్లందరితో చేతులు కలిపి బయటికి నడిచింది.

మా కొట్లో బేరం మధ్యలో లేచి వెళ్లడమంటే వెనక్కి పిలిపించుకోవడానికే. ఈవిడ తిరిగి చూడలేదు, ఎవరూ పిలవలేదు. అంటే ఏదో జరగరానిది జరిగిపోయింది. నేను లేచి నిలబడి కేకపెట్టాను.

“ఏమే, లేచావేంటి? కూర్చో ముందు!” అన్నారు మావారు.

“ఆవిడకేదో అయిందండీ, ఫోన్ చెయ్యండి!”

ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తలేదు. నా పొట్టలోనూ కదలిక ఆగినట్టే అనిపించింది. చెయ్యి వేసి చూసుకునే ధైర్యం చాలలేదు. ఎంతసేపటికో ఎత్తింది, నోటినిండా రొట్టెతో. గెలిచే దారి లేదని తేలాక చేతులు కలిపి ఓటమి ఒప్పుకోవడం ఆ ఆటలో మర్యాదట.

“ఐయామ్ గ్రాండ్, బాగానే ఉన్నా. ఆకలేసి తింటున్నా. నువ్వెందుకేడుస్తున్నావ్?”

భయంగా ఉందన్నాను, అన్ని నెలల్లో మొదటిసారి బయటి మనిషితో.

“నాకూ,” అంది ఆవిడ. “ప్రతి రాయికీ.”

ఫోన్ చెవిదగ్గర ఉండగానే లోపల మా అమ్మాయి తన్నింది.

ఆవిడకు కొడుకు పుట్టాక మళ్లీ పోటీలకు వెళ్లలేదు. కొన్నేళ్లకు వాళ్ల దేశం వెళ్లిపోయింది. మా అమ్మాయి ఇప్పుడు వాటర్‌ఫోర్డ్‌లో చదువుతోంది. అది వానలో కారు నడుపుకుంటూ ఇంటికి వస్తుంటే నేనింకా పైవాడి దగ్గర మొక్కుల పాట పెంచుతూనే ఉంటాను. ఈ రోజుల్లో భయమేస్తే ఫోన్‌లో గ్రూపులున్నాయి, నిమిషంలో నలుగురు ధైర్యం చెబుతారు. తనకూ భయమేనని చెప్పే గొంతు మాత్రం మా గోడకవతల లేదు.