ఫైలు నా చేతికిచ్చిన సిస్టరమ్మ

మొన్న మంగళవారం పొద్దున చిలకలగూడ నుంచి ఫోనొచ్చింది, మా సిస్టరమ్మ పోయారని. పిల్లల ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు నర్సుగా చేసిన మనిషి. నేను ఆవిడకి చుట్టాన్ని కాను, ఒకప్పటి పేషెంటుని. అయినా ఆ రోజు ఆఫీసులో ఒక్క పనీ చెయ్యలేకపోయాను.

నాకు తొమ్మిదో ఏట షుగరొచ్చింది. అప్పట్నుంచి నా ఫైలు మా అమ్మ చంకలోనే ఉండేది. విజయనగరం నుంచి ఇక్కడి కార్ఖానా బస్తీకి కాపురం మారిన కొత్తలో ఈ ఊళ్లో అమ్మకి బాగా తెలిసిన దారి ఆ ఆసుపత్రిదే. డాక్టరు నన్నడిగితే అమ్మ చెప్పేది. నేను సీలింగు ఫ్యాను చూస్తూ కూర్చునేదాన్ని.

పద్దెనిమిది నిండితే పెద్దల ఆసుపత్రికి మారాలి. అదే ఏడాది మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్లో ఉద్యోగం వచ్చింది. అమ్మ ససేమిరా అంది. అక్కడ దీని సూది సంగతి ఎవరు చూస్తారని సిస్టరమ్మ దగ్గరే పంచాయితీ పెట్టింది.

సిస్టరమ్మ నా వైపు తిరిగి, పొద్దున ఇన్సులిన్ ఎన్ని యూనిట్లని నన్నడిగారు. నేను అలవాటుగా అమ్మ వైపు చూశాను.

"అమ్మ మొఖం మీద రాసుందా? ఇయ్యాల్టి సంది ఫైలు నీదే బిడ్డా. ఫైలు ఎవల చేతిల ఉంటె వాళ్లే మాట్లాడాలె."

అమ్మని బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపేశారు. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ అదే తంతు. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, తల ఎత్తకుండా, పెద్దల ఆసుపత్రి డాక్టరులా "ఊఁ, ఏంది తక్లీఫ్?" అనేవారు. నవ్వానో, తడబడ్డానో, మళ్లీ తలుపు దగ్గర్నుంచి షురూ చెయ్యాల్సిందే.

కొత్త ఆసుపత్రికి మొదటిసారి వెళ్లిన రోజు, సిస్టరమ్మ సెలవు పెట్టుకుని మరీ వచ్చారు. నాకోసమే అనుకున్నాను. కాదు, అమ్మ పక్కన కూర్చోవడానికి. ఆవిడ చెయ్యి పట్టుకోకపోతే అమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చేసేది. లోపల నేను అన్నీ చెప్పాను, ఒక్కదాన్నే. సోమవారం కంపెనీ బస్సెక్కాను. అమ్మ డబ్బాలో రెండు ఇడ్లీలు ఎక్కువ పెట్టింది.

పోయిన నెల, జబ్బుపడ్డ సిస్టరమ్మని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు గారు ఆవిడ నిద్ర గురించి కొడుకునడుగుతున్నారు. ఫైలు పట్టుకుని అతనే చెబుతున్నాడు. సిస్టరమ్మ సీలింగు ఫ్యాను చూస్తున్నారు. నాకు దుఃఖం ఆగలేదు. అతని చేతిలోంచి ఫైలు తీసుకుని ఆవిడ ఒళ్లో పెట్టాను.

ఆవిడ కళ్లద్దాలు సర్దుకున్నారు. "నిద్ర అస్సలు పడ్తలేదు డాక్టర్ సాబ్. ఇంకో మాట గూడ చెప్పేదుంది."

నేనూ, వాళ్లబ్బాయీ బయటికొచ్చి తలుపేసి, బెంచీ మీద కూర్చున్నాం.