ముక్కుపిన్ని మాట్లాడటం మానేసిన ఏడాది

ద్రాక్షతోట చివర, వైన్ పీపాలు దాచే పొడవాటి గదికి ఆనుకుని ఇంకో చిన్న గది ఉండేది. దాన్ని అందరూ రుచి గది అనేవారు. కొనడానికి వచ్చినవాళ్ళు ముందు అక్కడ నిలబడి తలా ఒక గుక్క రుచి చూసేవారు. నచ్చితే సీసా పట్టుకెళ్ళేవారు. నచ్చనివాళ్ళు గోడ మీది ఫొటోలు కాసేపు చూసినట్టు నటించి మెల్లగా జారుకునేవారు. ఆ గదిలో చెక్కబల్ల వెనక నిలబడి గ్లాసుల్లో వైన్ పోసే ఆవిడే ముక్కుపిన్ని.

నిజానికి ఆవిడ అక్కడికి గ్లాసులు కడగడానికి వచ్చింది. ఒకరోజు యజమాని ఎవరో పెద్దమనిషికి సీసా తెరిచి పోయబోతుంటే, కుళాయి దగ్గర్నుంచే కేకేసింది.

"అన్నయ్యగారూ, అది పొయ్యకండి! బిరడా పాడైంది. తడిసిన అట్టపెట్టె వాసన ఇక్కడిదాకా కొడుతోంది."

ఆయన సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి పీల్చి, మొహం మాడ్చుకుని సీసా పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆవిడ బల్ల వెనక్కి చేరింది. పేరు కూడా అప్పుడే మారింది. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ముక్కుపిన్ని అనే పిలిచేవారు. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. పైపెచ్చు మురిసిపోయేది.

బల్ల వెనక నిలబడ్డాక పిన్నికి నోరు ఊరుకునేది కాదు. గ్లాసు ఇలా అందించీ అందించకముందే మొదలుపెట్టేది. "ముందు ఎండుపళ్ళు తగుల్తాయి చూడండి, ఆ వెనకాలే మిరియాలు, చివర్లో వానకి తడిసిన మట్టి." వచ్చినవాళ్ళు బుద్ధిగా తలలూపేవారు. ఒక సీసా కొనుక్కుని వెళ్ళేవారు. వాళ్ళలో మళ్ళీ ఆ గుమ్మం తొక్కినవాళ్ళు బహు తక్కువ. ఆ సంగతి పిన్నికి తట్టలేదు. తట్టేంత తీరిక తన మాటలు తనకి ఇస్తే కదా!

ఒక చలికాలం ఆవిడకి జ్వరం వచ్చింది. వారం తిరక్కుండానే తగ్గింది. లేచి, పొయ్యి మీద పాలు పెట్టి, కిటికీ తుడుస్తూ నిలబడింది. అంతలో ఆవిడ భర్త వీధిలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆయనకి అదే వీధి మలుపులో క్షౌరశాల ఉంది. చేతిలో దువ్వెన, భుజం మీద ఎవరిదో జుట్టు.

"ఏమే, ఇల్లు తగలబెడుతున్నావా? మాడువాసన షాపుదాకా వస్తోంది!"

పిన్ని వెనక్కి తిరిగి చూసింది. గిన్నె నల్లగా మాడిపోయి, వంటగదంతా పొగ. తను అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. ఏ వాసనా తెలియలేదు. సబ్బు తెచ్చుకుని వాసన చూసింది. కిరసనాయిలు సీసా మూత తీసింది. చివరికి భర్త చొక్కా పట్టుకుని పీల్చింది. ఏమీ లేదు. నీళ్ళకీ వాటన్నిటికీ తేడా లేదు.

"వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు," అన్నాడు డాక్టరు. పిన్ని ఆయన ముందు నవ్వేసి, బయటికొచ్చి బస్టాపులో కూర్చుని ఏడ్చింది.

పనిలోకి వెళ్ళింది కానీ ఎవరికీ చెప్పలేదు. ఏ వైన్‌కి ఏం చెప్పాలో ఆవిడకి కంఠతా వచ్చు. అవే మాటలు అప్పజెప్పుకుంటూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. అలా ఉండగా ఒకరోజు ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. భారీ మనిషి, మెల్లగా మాట్లాడతాడు. పిన్ని కొత్త సీసా తెరిచి పోసి, ఎండుపళ్ళు, మిరియాలు అంటూ అందుకుంది. ఆయన ఒక గుక్క తాగి, మొహమాటపడుతూ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. నాకైతే తడిసిన అట్టపెట్టెలా ఉంది."

పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఇంకో సీసా తెరిచి, ఈసారి ఒక్క మాటా మాట్లాడకుండా పోసింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక భర్తతో అంది. "రేపట్నుంచి మానేస్తా. ముక్కు లేని ముక్కుపిన్ని ఎవరిక్కావాలి?"

ఆయన కత్తెరలకి నూనె పెడుతున్నాడు. "వాళ్ళకి నువ్వెందుకు చెప్పడం? వాళ్ళనే అడుగు."

"ఏమని?"

"ఏమనిపిస్తోందని. నా కుర్చీలో కూర్చున్నవాడితో నేనేమన్నా ఉపన్యాసం ఇస్తానా? ఇంట్లో ఎలా ఉన్నారంటాను. అంతే. తల సగం అయ్యేసరికి వాడి సంగతులన్నీ నా చేతిలో ఉంటాయి. వచ్చే నెల మళ్ళీ వాడొచ్చి, 'అన్నట్టు ఆ రోజు చెప్పాను చూడు' అంటాడు. మన వీధిలో ఇంకో రెండు షాపులున్నాయి. వాటిలోకి పోడే!"

పిన్ని మూతి తిప్పింది. కానీ మర్నాడు అదే చేసింది. గ్లాసు అందించి, "మీకేమనిపిస్తోంది?" అని ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకి చచ్చేంత కష్టమైంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని బల్ల తుడుస్తూ నిలబడింది. మొదట వచ్చినవాళ్ళు బిక్కమొహం వేశారు. ఒకాయన, "పరీక్షా ఏంటండీ?" అన్నాడు. మధ్యాహ్నం ఒక నర్సు వచ్చింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"నవ్వరు కదా?" అంది.

"నవ్వను, చెప్పండి."

"మా అమ్మ కుట్టుమిషను సొరుగు. పాతచెక్క, మిషనునూనె, దారపుకండెలు... చిన్నప్పుడు అమ్మ మీద అలిగితే దాంట్లో తల దూర్చేదాన్ని."

పిన్ని ఇంకేమీ అడగలేదు. ఆ అమ్మాయే చెప్పుకుపోయింది. అమ్మ ఇప్పుడు ఎక్కడుంటుందో, చూపు తగ్గి మిషను ఎలా అమ్మేశారో, అమ్మినరోజు తను ఎలా ఇంటికి రానన్నదో అన్నీ చెప్పింది. వెళ్తూ ఒక సీసా తీసుకుని, ఫోన్ నంబరు రాసిచ్చింది. కొన్ని నెలలకి అదే పీపాలోంచి కొత్తగా సీసాలు నింపినప్పుడు, పిన్ని ఒకటి పక్కన పెట్టి ఆ అమ్మాయికి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మీ అమ్మగారి సొరుగు మళ్ళీ వచ్చింది. దాచి ఉంచనా?"

"మీకు గుర్తుందా?" అని అడిగింది నర్సు.

ఆ ఆదివారం ఆ అమ్మాయి తల్లినే వెంటబెట్టుకొచ్చింది. ముసలావిడ గ్లాసులో ముక్కు పెట్టి గట్టిగా పీల్చి, "మా సొరుగు ఇంత శుభ్రంగా ఎప్పుడేడిసింది!" అంది. గదిలో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు.

అలా మొదలైంది. ఎవరికి ఏది పడుతుందో, ఎవరింట్లో ఏం జరుగుతోందో పిన్నికి తెలిసిపోయింది. పళ్ళ డాక్టరుకి పులుపు ఎక్కువైతే కడుపులో మంట అని తెలిశాక, ఆయన తెల్ల వైన్ అడిగినా ఇచ్చేది కాదు. "ఈసారిది మీకొద్దు. వచ్చేసారి ఎర్రది బాగుంటుంది, నేనే పిలుస్తా," అనేది. అమ్మకుండా వెనక్కి పంపే మనిషిని ఆయన ఎక్కడా చూడలేదు. తర్వాత తన దగ్గరికి పళ్ళు పీకించుకోవడానికి వచ్చినవాళ్ళని కూడా తోటకి పంపడం మొదలుపెట్టాడు.

యజమానికి ఇవేవీ తెలియవు. జనం మళ్ళీ మళ్ళీ వస్తున్నారని మాత్రం తెలుసు. అది పిన్ని ముక్కు మహిమ అనుకున్నాడు. పెద్ద హోటళ్ళవాళ్ళు వస్తున్నారనీ, వాళ్ళ ముందు ప్రతి వైన్ గురించీ పిన్నే వర్ణించి చెప్పాలనీ ఒకరోజు హడావుడిగా చెప్పాడు. ఇక దాచడం పిన్ని వల్ల కాలేదు.

"అన్నయ్యగారూ, నాకు వాసన తెలియదు. పోయిన చలికాలం జ్వరం వచ్చినప్పటి నుంచీ."

ఆయన మొదట వేళాకోళం అనుకున్నాడు. తర్వాత మొహం కందగడ్డలా అయింది. "ఇన్నాళ్ళూ నా వైన్ ఏమిటో తెలియకుండానే అమ్మావా? నాకు చెప్పాలనిపించలేదా?"

"భయమేసింది," అంది పిన్ని.

ఆవిడ మళ్ళీ గ్లాసులు కడిగే గదిలోకి వెళ్ళింది. బల్ల వెనకాల యజమాని మేనకోడలు నిలబడింది. వైన్ గురించి బాగా చదువుకున్న పిల్ల, పొగరు లేని పిల్ల. హోటళ్ళవాళ్ళకి చక్కగా చెప్పింది. వాళ్ళు కొన్నారు కూడా. కానీ మామూలుగా వచ్చేవాళ్ళు గుమ్మంలోనే ఆగి, "పిన్ని లేదా?" అనేవారు. ఉంది, లోపల ఉంది అంటే పళ్ళ డాక్టరు గ్లాసు పట్టుకుని తిన్నగా కుళాయి దగ్గరికి నడిచాడు. ఆయన వెనక ఇంకొకరు. ఆ ఇరుకు గదిలో సబ్బునురుగు మధ్య నిలబడి అందరూ కబుర్లు చెప్పుకుంటుంటే, ఇవతల బల్ల దగ్గర మేనకోడలు ఒక్కతే మిగిలింది.

ఆ పిల్లే మామయ్య దగ్గరికి వెళ్ళింది.

"మామయ్యా, వాళ్ళు నన్ను వైన్ గురించి అడగట్లేదు. 'మా అబ్బాయి పరీక్ష పాసయ్యాడని పిన్నికి చెప్పు' అంటున్నారు. నేను సీసాలు తెరిచి వాసన చూసి మంచివి ఏరి ఇస్తాను. పొయ్యడం ఆవిణ్ణే పొయ్యనీ."

యజమాని వెంటనే ఒప్పుకోలేదు. కొన్నాళ్ళు బిగుసుకుని తిరిగాడు. ఒకరోజు కడిగే గదిలోకి తొంగిచూసి, "ఎంతసేపు కడుగుతావు ఆ గ్లాసులు? అవతల జనం నిలబడ్డారు," అని విసుక్కున్నాడు. అదే ఆయన క్షమాపణ. పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళి బల్ల వెనక నిలబడింది. మేనకోడలు పక్కకి జరిగి చోటిచ్చింది.

ఆ మరుసటి ఏడాది వేసవి మొదట్లో వడగళ్ళు పడ్డాయి. యజమాని మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి తోట సగం నేలపాలు. మిగిలిన కాయలకీ గాట్లు పడ్డాయి. పీపాల్లో పాతది అప్పటికే అడుగంటింది, ఆ ఏడాది వైన్ లేనట్టేనని తేలిపోయింది. హోటళ్ళవాళ్ళు సంగతి విని, ఇంకో చోట మాట్లాడుకున్నారు. రుచి గది మూసేద్దామన్నాడు యజమాని.

"ముందు మనవాళ్ళకి చెప్పనివ్వండి," అంది పిన్ని. కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. దాచిపెట్టకుండా చెప్పింది. పంట పోయింది, ఈసారి అమ్మడానికి ఏమీ లేదు, వచ్చే ఏడాది పండితే మళ్ళీ పిలుస్తాను.

ఆదివారం పొద్దున తాళం తీయడానికి వచ్చిన యజమాని, గేటు బయట కార్లూ సైకిళ్ళూ చూసి కంగారుపడ్డాడు. పళ్ళ డాక్టరు, నర్సు, ఆవిడ తల్లి, ఇంకా చాలామంది. కొందరు పాతబట్టలు వేసుకొచ్చారు, విరిగిన కొమ్మలు ఏరడానికని.

"అమ్మడానికి ఏమీ లేదని చెప్పలేదా వీళ్ళకి?" అని పిన్నిని గుసగుసగా అడిగాడు.

"చెప్పాను. అందుకే వచ్చారు."

మధ్యాహ్నం దాకా తోటలో పనిచేశారు. తర్వాత వైన్ గ్లాసుల్లోనే టీ పోసుకుని తాగారు. పిన్ని యజమానిని పక్కన నిలబెట్టుకుని ఒక్కొక్కరూ ఎవరో చెప్పింది. ఆయన తన తోట సరుకు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళ మొహాలు సరిగ్గా చూడటం అదే మొదలు. ఎవరో ఏదో అన్నారు, ఆయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని మేనకోడలు ముక్కున వేలేసుకుంది. ఆరోజు ఒక్క సీసా అమ్ముడుపోలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం ప్రతివాళ్ళూ, వచ్చే ఏడాదికి తమ పేరు రాసి ఉంచమని పిన్నికి మరీ మరీ చెప్పి వెళ్ళారు.

తర్వాతి ఏడాది పంట బాగానే పండింది. పిన్నికి వాసన పూర్తిగా తిరిగి రాలేదు. ఎప్పుడైనా టీ వాసన కాస్త తగిలితే ఆ పూటంతా హుషారుగా ఉంటుంది. మొన్నొకాయన కొత్తగా వచ్చాడు. గ్లాసు అందించి, ఏమనిపిస్తోందని పిన్ని అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, "వైన్ లాగే ఉందండీ," అన్నాడు. పిన్ని నవ్వి, ఆయనకి స్టూలు చూపించింది.

"కూర్చోండి. తొందరేముంది?"