కాగు కింద కాలిపోయిన చుక్కలు

పోయిన గురువారం పొద్దున్న మా అమ్మాయి పెరట్లోకి వచ్చి, "అమ్మా, టీచరు గారు పోయారంట" అంది. పిండిన బట్ట ఆరేయకుండా చేతిలోనే ఉండిపోయింది. మా పిల్లకి మూడో తరగతిలో చదువు చెప్పిన టీచరు గారు ఆవిడ. నిడదవోలులో మా వీధి చివరే ఇల్లు. పిల్ల ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు కన్నా ముందు సిగ్గు వచ్చింది. ఆవిడతో చెప్పాల్సిన మాట ఒకటి పదేళ్ళ పైగా నా నోట్లోనే ఉండిపోయింది. వినడానికి ఇక ఆవిడ లేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

టీచరు గారు ఎర్ర సిరా వాడేవారు కాదు. అక్షరం తప్పయితే దాని కింద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, పేజీ మూల తారీఖు వేసేవారు. "కొట్టేస్తే పిల్ల అక్కడితో ఆగిపోతుందండి. చుక్క పెడితే వెనక్కి తిరిగి చూసుకుంటుంది" అనేవారు. బడి వదిలే ముందు ఒక్కొక్కరినీ పిలిచి, "ఇవాళ్టి మంచి తప్పు ఏంటమ్మా?" అని అడిగేవారు. పిల్లలు పోటీపడి చూపించేవారు.

మా అమ్మాయి విన్న పాఠం విన్నట్టు అప్పజెప్పేది. చూసి చదవమంటే వేలు అక్షరం మీదే ఆగిపోయేది. రాస్తే ఒత్తులు ఎగిరిపోయేవి, అక్షరాలు తారుమారయ్యేవి. బద్ధకం అనుకుని నేను రెండు తగిలించేదాన్ని. ఓ రోజు టీచరు గారే ఇంటికి వచ్చారు. విశాఖపట్నం నుంచి ఒక సైకాలజిస్టు మేడం నెలకోసారి రాజమండ్రి వస్తారనీ, పిల్లలకి చదువు ఎక్కడ అడ్డుపడుతోందో పరీక్ష చేసి చెబుతారనీ, తనే ఉత్తరం రాసి రోజు ఖాయం చేశాననీ అన్నారు.

"ఏమీ నేర్పించకండి. ఈ ఏడాది నోట్సులు ఉన్నవి ఉన్నట్టు పట్టుకెళ్ళండి. ఆవిడకి కావాల్సింది అవేనండి."

ఈ సంగతి మా తోడికోడలి చెవిన పడింది. "ఏంటక్కా, పిల్లని పిచ్చి డాక్టరుకి చూపిస్తున్నావంట? మన ఇంటావంటా ఉందా ఇది!" అని నలుగురి ముందూ నవ్వింది. ఆవిడ కూతురిదీ అదే క్లాసు. ముత్యాల్లాంటి రాత.

నేను ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషిని. పాల కార్డు, గ్యాసు బండ వచ్చిన తారీఖు, టీకాల చీటీలు, అన్నీ వరసలో ఉండాలి. పిల్ల నోట్సులు చూస్తే నా ఇల్లే ఊడ్చకుండా వదిలేసినట్టు అనిపించింది. అవి పరాయి మనిషి ముందు ఎలా పెట్టను? దసరా సెలవుల్లో కొత్త పుస్తకాలు కొని, అట్టలు వేసి, తోడికోడలి కూతురి నోట్సు అడిగి తెచ్చి, దాన్ని చూసి పిల్ల చేత మళ్ళీ రాయించాను. చెయ్యి నొప్పని పిల్ల మానేసినచోట నేనే రాశాను. పెద్దవాళ్ళ రాతలా కనబడకూడదని ఎడమచేత్తో రాశాను. పాత నోట్సులు నీళ్ళ కాగు కింద పెట్టేశాను. నాలుగు నెలల చుక్కలు, తారీఖులతో సహా కాలిపోయాయి.

రాజమండ్రిలో మేడం గారు పిల్ల చేత చెక్కముక్కలు పేర్పించారు, అంకెలు వెనక నుంచి చెప్పించారు, చదివించారు. తర్వాత నోట్సులు తిరగేసి, "ఇవన్నీ పాపే రాసిందాండీ?" అన్నారు.

"అవునండీ" అన్నాను.

పిల్ల నా వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది.

తెలివికి లోటు లేదు, నోట్సు బాగానే ఉంది కాబట్టి ఎదురుగా చదవాలంటే బెరుకు కావచ్చు, ఏడాది ఆగి మళ్ళీ చూద్దాం అని రిపోర్టు ఇచ్చారు. దాన్ని తోడికోడలికి చూపించే దాకా నాకు అన్నం సయించలేదు. టీచరు గారు మాత్రం రెండుసార్లు చదివి, నోట్సు తెరిచి, పేజీలన్నీ తిప్పారు.

"నా చుక్కలు ఏవండీ?"

"పాతవి చిరిగిపోయాయండీ."

"సరేనండి" అన్నారు. అంతే.

మరుసటి ఏడాది నాలుగో తరగతిలో కొత్త మాస్టారు, "తెలివుందని రిపోర్టే ఉందిగా, ఇక ఒళ్ళు బద్ధకమే" అని పిల్లని రోజూ బెంచీ ఎక్కించారు. అబద్ధం నాదే అయినా దాన్ని నేనూ నమ్మేసి, ఇంట్లో నా వంతు నేను కొట్టాను. రోజూ బడి వేళకి కడుపునొప్పి అనేది. ఓ పొద్దున్న జడ వేస్తుంటే, "అమ్మా, నాకు తెలివి ఉందిగా. మరి నేను చెడ్డదాన్నా?" అంది.

జడ సగంలో వదిలేసి టీచరు గారింటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, పిల్ల కడుపునొప్పి సంగతి మాత్రం చెప్పాను. ఆవిడే అన్నారు, "మళ్ళీ వెళ్దామండి. ఈసారి నోట్సులు నా దగ్గర ఉంచుతాను."

ఆవిడకి తెలుసని అప్పుడు అర్థమైంది. కొన్ని నెలలు సాయంత్రాలు తనింట్లో రాయించుకుని, ఆ నోట్సులు ఒళ్ళో పెట్టుకుని మాతో రైలెక్కారు. మేడం గారు ఆ చుక్కలు వరసగా చూసి, మళ్ళీ పరీక్ష చేసి, పిల్లకున్న ఇబ్బందికి పేరు పెట్టి, నేర్పే పద్ధతి చెప్పారు. అది మొదలు పదో తరగతి దాకా టీచరు గారి అరుగు మీద పళ్ళెంలో గోదావరి ఇసక, అందులో అక్షరాలు దిద్దే మా పిల్ల వేలు. ఇప్పుడది ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తోంది. చదవడం నెమ్మదే, కానీ చదువుతుంది.

పోయిన నెల, మంచం పట్టిన ఆవిడని చూడ్డానికి ఇద్దరం వెళ్ళాం. "ఇవాళ్టి మంచి తప్పు ఏంటమ్మా?" అని పిల్లని అడిగారు.

"రెండు సీసాల చీటీలు అటుదిటు అంటించబోయానండి. నేనే పట్టేసుకున్నాను."

నవ్వి, నా వైపు తిరిగారు. "మీవేమైనా ఉన్నాయాండీ?"

నేను బత్తాయి ఒలుస్తూ, "నాకేముంటాయండీ" అన్నాను. ఆవిడ తల ఊపి కళ్ళు మూసుకున్నారు.

ఇది రాసి ముందు మా అమ్మాయికే ఇచ్చాను. గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, వరస కింద వేలు పెట్టుకుని చదివింది. ఎడమచేత్తో రాశానన్న చోట వేలు ఆగింది. కొట్టేస్తుందేమో అనుకున్నాను. లేచి వెళ్ళి పెన్సిలు తెచ్చుకుంది. ఆ మాట కింద చిన్న చుక్క పెట్టి, పేజీ మూల తారీఖు వేసి, కాగితం నా చేతికిచ్చింది.