కన్ను కొట్టిన మాస్టారు

నిన్న మా ఓపీడీలో ఒక పెద్దాయనకి అనవసరంగా ఫిట్స్ ఇంజెక్షన్ పడిపోయేదే! తప్పు ఎవరిదని అడక్కండి, చెప్తున్నాగా.

నాకు టూరెట్ సిండ్రోమ్ ఉందని మీకు తెలుసుగా. ఎడమ కన్ను దానంతటదే కొట్టుకుంటుంది, భుజం ఎగురుతుంది, మధ్యమధ్యలో "హుప్!" అని ఒక కేక. మెదడు క్యాన్సర్ డాక్టర్‌ని కదా, పేషెంట్లు హడలిపోకుండా ముందే ఈ సంగతి చెప్పేస్తాను. నిన్న మా డిపార్ట్‌మెంట్ పెద్ద మేడమ్ రౌండ్స్‌కి వస్తున్నారన్న కంగారులో మర్చిపోయా!

వచ్చినాయన ఇక్కడికి దగ్గర్లోని ఆరంగ్ అనే ఊళ్ళో రిటైరైన స్కూల్ మాస్టారు. రెండు నెలల కిందట మెదడులో గడ్డ తీశారు. పక్కన భార్య. ఎంతవరకు కోలుకున్నారో చూడాలి. "మాస్టర్‌జీ, నేను ఎలా చేస్తే అలా చేయండి" అన్నాను హిందీలో.

చేతులెత్తా. ఎత్తారు. నాలుక చాపా. చాపారు. సరిగ్గా అప్పుడే నా కన్ను కొట్టుకుంది.

ఆయనా కన్ను కొట్టారు!

ఆవిడ నన్ను చూసింది. మొగుణ్ణి చూసింది. "అరే, యే క్యా హో రహా హై?" ఏం జరుగుతోందిక్కడ అని!

టెన్షన్ వస్తే నా టిక్స్, అదే ఈ కుదుపులూ కేకలూ, ఇంకా రెచ్చిపోతాయి. భుజం ఎగిరింది. ఆయన భుజమూ ఎగిరింది. "హుప్!" అన్నా. "హుప్!" అన్నారాయన, క్లాసు చివరి బెంచీకి వినబడేంత గట్టిగా.

అంతలో పెద్ద మేడమ్ కర్టెన్ తీశారు. నా వాలకం ఆవిడకి అలవాటే, కంటికి ఆనింది మాస్టారే. "ఫిట్స్! సిస్టర్, ఇంజెక్షన్!" మా కాకినాడ మేరీ సిస్టర్ ట్రేతో పరిగెత్తుకొచ్చింది.

"కాదు మేడమ్, హుప్! అది నాది, హుప్!"

"హుప్! హుప్!" అన్నారు మాస్టారు.

సూది చూశాక ఆయనే ఆగారు. దిగులుగా, "డాక్టర్ బేటీ, ఏమైనా తప్పు చేశానా? అన్నీ నువ్వు చేసినట్టే చేశానే!" అన్నారు.

ముందు నవ్వింది మాస్టారి భార్యే. మేరీ సిస్టర్ ట్రే కింద పెట్టి, "ఇది అంటుకోదన్నారు కదా డాక్టరమ్మా!" అంది తెలుగులో. మేడమ్ నవ్వు ఆపుకుంటూ, "ఫైల్లో రిజల్ట్ రాయి" అన్నారు.

రాశాను: "చూపించినదల్లా తప్పు లేకుండా చేస్తున్నారు. వెరీ గుడ్."

నేను పెరిగిన ఇక్కడి రైల్వే కాలనీ మొదలుకొని మెడికల్ కాలేజీ దాకా నన్ను వెక్కిరించినవాళ్ళు బోలెడుమంది. కానీ డాక్టర్ సలహా మీద వెక్కిరించి, నా చేతే ఫుల్ మార్కులు వేయించుకున్నది మాత్రం ఈయనొక్కరే!