ఎదురుకాళ్ళ పిల్ల

నొప్పి తగ్గించే స్ప్రే వాసన ముక్కుకు తగిలితే చాలు, ఎవరికో కాలో నడుమో పట్టేసిందని నాకు అరికాళ్ళలో చెమట పడుతుంది. నిన్న సాయంత్రం ఆత్మకూరులో మా అమ్మాయి షటిల్ ఆడుతూ చీలమండ బెణికి, ఆ వాసనతోనే కుంటుకుంటూ ఇంటికొచ్చింది.

నేను పుట్టింది ఉదయగిరిలో, అదీ ఎదురుకాళ్ళతో. అలా పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుమైనా, బెణికిన కాలైనా సర్దుకుంటుందని మా వైపు నమ్మకం. అందుకని వేసవి సెలవుల్లో, కొండ మీంచి వడగాలి కొడుతుంటే, వసారాలో గడ్డిలో మాగేసిన మామిడిపళ్ళు ఘుమఘుమలాడుతుంటే, పిల్లలంతా వీధిలో దాగుడుమూతలు ఆడుకుంటుంటే, నన్ను మాత్రం అవ్వ కేకేసి పిలిచేది. బోర్లా పడుకున్న పెద్దవాళ్ళ వీపుల మీద నేను అవ్వ చెయ్యి పట్టుకుని నడవాలి. ఒకసారి ఒక దర్జీ నా కాలి కింద కెవ్వుమన్నాడు. అన్నం తింటున్నా ఆ అరుపే వినపడేది.

ఆ ఏడే మా చిన్నమామ కబడ్డీలో కూతకెళ్ళి తొడ పట్టేసి పడిపోయాడు. నలుగురు మోసుకొచ్చి చాప మీద బోర్లా పడుకోబెట్టారు. తొడ వెనక ఉబ్బి, నీలంగా కమిలింది. రోజూ నన్ను ఏడిపించే మనిషి తనే ఏడుస్తున్నాడు. అవ్వ ఆముదం వెచ్చబెట్టి తెచ్చింది.

“రాయే, తొక్కు. నీ కాల్లో మందుండాది.”

“తొక్కబాకమ్మా,” అన్నాడు మామ, తలెత్తకుండానే.

కాలు ఆనించాను. తొడ కాలిపోతోంది. లోపల ఏదో తెగుతుందని, మామ ఇక జన్మలో పరిగెత్తలేడని, అదంతా నా వల్లేనని భయం పట్టుకుని, బరువు మోపలేక, కాలు తీయలేక అట్లాగే బిగుసుకుపోయాను. అంతలో ఆటల మాస్టారు సోడా షాపు నుంచి ఐసుగడ్డను తువ్వాలులో చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“ఏందవ్వా ఇది! తొక్కబాకండి, రుద్దబాకండి, వేడి పెట్టబాకండి. వాపు ఇంకా ఎక్కవైతాది.”

నన్ను ఎత్తి పక్కన దించి, కాసేపు ఐసు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, గుడ్డపట్టీ మరీ బిగించకుండా చుట్టి, కాలి కింద దిండ్లు ఎత్తుగా వేసి, కదలొద్దని చెప్పి వెళ్ళాడు. కొన్ని వారాలకు మామ మళ్ళీ కూతకెళ్ళాడు. బతికానురా దేవుడా అనుకున్నాను. కానీ అవ్వ ఊరంతా చెప్పింది వేరు.

“మా పాప కాలు అట్టా ఆనించినాదో లేదో, వాడు లేసి కూసున్నాడు!”

ఆ మాట విని కలువాయి నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళు. వీధి తలుపు చప్పుడైతే చాలు, నేను మంచం కింద దూరేదాన్ని. అవ్వ నా జడ పట్టుకుని లాక్కొచ్చేది.

ఇప్పుడు అవ్వ లేదు, ఆ వసారా లేదు, నా కాళ్ళ కోసం వచ్చేవాళ్ళూ లేరు. నిన్న అమ్మాయి చీలమండకు తువ్వాలులో చుట్టిన ఐసు పెట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచాను. చాప మీద పడుకుని ఫోను చూసుకుంటూ అది నవ్వింది.

“అమ్మా, నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టినావంట గదా. ఒకసారి తొక్కరాదా?”

నేనూ నవ్వాను. కానీ మంచినీళ్ళు తేవాలంటే దాని కాళ్ళు దాటి వంటింట్లోకి వెళ్ళాలి. నా కాలు ఎక్కడ తగులుతుందోనని దాటలేకపోయాను. వీధి గుమ్మంలోంచి బయటికి దిగి, పెరటి వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాను.